గాల్వెస్టన్ ఇసుక ఒడ్డు నుంచి చిన్న సొరలను గాలానికి పట్టడం ఎలా

టెక్సాస్‌లో ఉండే తెలుగు కుటుంబాల్లో గాల్వెస్టన్ బీచ్ చూడనివాళ్ళు తక్కువ. హ్యూస్టన్ నుంచి గంట ప్రయాణం. డాలస్ నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరిపోతారు. పిల్లలు పిచ్చుక గూళ్ళు కట్టుకునే ఆ ఇసుకకు వంద అడుగుల అవతల వేసవి అంతా రెండడుగుల, మూడడుగుల సొరలు తిరుగుతూ ఉంటాయి. వాటికోసం పడవ అక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు. ఒక కర్ర, కాస్త ఎర, రెండు మూడు గంటల ఓపిక ఉంటే ఒడ్డున నిలబడే పట్టొచ్చు.

నేను భీమిలి దగ్గర పుట్టాను. మా ఊళ్ళో సొర అంటే సముద్రంలోకి వెళ్ళినవాళ్ళు వలతో తెచ్చేదే. ఒడ్డు నుంచి కర్రతో పట్టడం ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. మొదటి వేసవిలో నా చేతిలో ఒక పిల్ల సొర అనవసరంగా చచ్చిపోయింది. ఆ సంగతి కింద చెబుతాను. అప్పటి నుంచి నేర్పమని అడిగిన ప్రతివాళ్ళకూ ఒకటే చెబుతున్నాను: సొర పడటం పెద్ద కష్టం కాదు. పడ్డాక గడిచే రెండు నిమిషాలకు కావలసినవన్నీ పడకముందే సిద్ధం చేసిపెట్టుకోవాలి, అసలు పని అంతా అందులోనే ఉంది.

ఏ సొరలు పడతాయి

ఇక్కడి ఒడ్డున ఎక్కువగా తగిలేవి మూడు జాతులు.

మొదటిది అట్లాంటిక్ షార్ప్‌నోజ్. బూడిద, గోధుమ కలిసిన రంగు వీపు, పక్కల మీద బియ్యం గింజలు చల్లినట్టు తెల్ల మచ్చలు, మొనదేలిన ముక్కు. ఎంత పెరిగినా మూడు, మూడున్నర అడుగులే. మన పాల సొరకు ఇది దగ్గరి చుట్టం. రెండూ రైజోప్రియోనోడాన్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. మొదటిసారి దీన్ని పట్టి చూసినప్పుడు భీమిలి చేపల బజారులో మా అమ్మ పక్కన బుట్ట ముందు నిలబడ్డట్టే అనిపించింది.

రెండోది బానెట్‌హెడ్. సుత్తి తల సొరల కుటుంబంలో చిన్నది. తల పార ఆకారంలో గుండ్రంగా ఉంటుంది కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు. దీనికి పీతలంటే ప్రాణం.

మూడోది బ్లాక్‌టిప్. రెక్కల కొసలు సిరాలో ముంచి తీసినట్టు నల్లగా ఉంటాయి, పక్కన తెల్లటి చార ఉంటుంది. గాలం తగలగానే నీళ్ళ మీదికి ఎగిరి గిరగిరా తిరుగుతుంది. పెద్దవి ఐదడుగులు దాటతాయి గానీ వేసవిలో ఒడ్డు వారన పడేవాటిలో పిల్లలే ఎక్కువ.

ఈ మూడూ కాక బుల్ షార్క్ పిల్లలు, స్పిన్నర్ సొరలు, ఫైన్‌టూత్ సొరలు కూడా తగులుతుంటాయి. మొద్దు ముక్కు, చిన్న కళ్ళు, ఒంటి మీద ఏ గుర్తూ లేకపోతే అది బుల్ షార్క్ కావచ్చు. స్పిన్నర్, బ్లాక్‌టిప్ దాదాపు ఒకలాగే కనిపిస్తాయి. కడుపు కింద తోకకు దగ్గరగా ఒక చిన్న రెక్క ఉంటుంది చూడండి. దాని కొస కూడా నల్లగా ఉంటే స్పిన్నర్, తెల్లగా ఉంటే బ్లాక్‌టిప్. ఐతే స్పిన్నర్ పిల్లలకు ఆ నలుపు ఇంకా రాకపోవచ్చు. అందుకని ఏ జాతో ఖాయంగా చెప్పలేనప్పుడు వదిలేయడమే పద్ధతి.

లైసెన్సు, కొలతలు

17 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకూ టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే ఫిషింగ్ లైసెన్సు కావాలి. ఉప్పునీటికి చెల్లే రకమే తీసుకోండి, మంచినీళ్ళ లైసెన్సు ఇక్కడ పనికిరాదు. ఏడాది లైసెన్సు సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు లెక్క. జూలైలో కొంటే ఆగస్టు ఆఖరుకే అయిపోతుంది, కొన్న రోజు నుంచి ఏడాది చెల్లే రకం కూడా ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సరదాగా కర్ర పట్టుకుంటామన్నా వాళ్ళ పేరు మీద కూడా లైసెన్సు ఉండాలి. ఒక్క రోజుకు ఇచ్చేవి దొరుకుతాయి, పాస్‌పోర్ట్ వివరాలు దగ్గర పెట్టుకోండి.

షార్ప్‌నోజ్, బానెట్‌హెడ్, బ్లాక్‌టిప్ ఈ మూడూ ముక్కు నుంచి తోక కొస దాకా 24 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవచ్చు. ఉంచుకోవడానికి అనుమతి ఉన్న మిగతా సొరల్లో చాలావాటికి 64 అంగుళాలు ఉండాలి, పెద్ద సుత్తి తల సొరలకు అంతకన్నా చాలా ఎక్కువ. సాండ్‌బార్, డస్కీ లాంటి జాతులను ఏ సైజులో ఉన్నా ముట్టుకోకూడదు. మనిషికి రోజుకు ఒక్క సొర. నియమాలు ఏటా సెప్టెంబర్‌లో మారే అవకాశం ఉంది, ఆ శాఖ ఫోన్ యాప్‌లో ఒకసారి చూసుకుని బయల్దేరండి.

చట్టం చెప్పని సంగతి ఒకటి ఉంది. బ్లాక్‌టిప్ పిల్ల పుట్టేటప్పుడే సుమారు 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు. అంటే చట్టం ఒప్పుకునే కొలతకు సరిగ్గా ఉన్న బ్లాక్‌టిప్ పుట్టి కొన్ని వారాలే అయ్యుండొచ్చు. ఈ జాతిలో ఆడది పిల్లలు పెట్టే వయసుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఈతకు నాలుగైదు పిల్లలే. షార్ప్‌నోజ్ అలా కాదు, త్వరగా ఎదుగుతుంది, రెండు మూడేళ్ళకే పిల్లల తల్లి అవుతుంది. నేను తినడానికి ఉంచుకుంటే షార్ప్‌నోజ్ మాత్రమే ఉంచుకుంటాను. బ్లాక్‌టిప్ 24 అంగుళాలు దాటినా వదిలేస్తాను. మీరూ అలాగే చేయాలని నా కోరిక.

సామాను

కర్ర 10 నుంచి 12 అడుగులది తీసుకోండి. అంత పొడవు ఎక్కువ దూరం విసరడం కోసమని అనుకుంటారు. దానికన్నా ముఖ్యం, దారం కెరటాల తలల మీదుగా ఎత్తుగా ఉండి నాచు తక్కువ పట్టుకుంటుంది. రీలు 6000 లేదా 8000 సైజు. అందులో 30 పౌండ్ల అల్లిక దారం 250 గజాలు. దాని కొసకు 50 పౌండ్ల నైలాన్ దారం కర్రకు రెండింతల పొడవు ముడేయండి. దీన్ని షాక్ లీడర్ అంటారు. బరువైన గుండు విసిరేటప్పుడు తెగకుండా ఇదే కాపాడుతుంది. పైగా సొర చర్మం గరుకు కాగితం లాంటిది, తోకతో రుద్దితే సన్న దారం నిమిషంలో పోతుంది.

షాక్ లీడర్ మీద జారే గొట్టం ఒకటి, దానికి 4 లేదా 5 ఔన్సుల గుండు. నాలుగు తీగ కాళ్ళు బయటికి వచ్చి ఇసుకను పట్టుకునే స్పైడర్ వెయిట్ అయితే ప్రవాహానికి కొట్టుకుపోదు. ఆ కింద దారం మెలిపడకుండా తిరిగే స్వివెల్ ఒకటి, దానికి 12 నుంచి 18 అంగుళాల తీగ, కొసన గాలం. తీగ నచ్చకపోతే 100 పౌండ్ల నైలాన్ వాడొచ్చు. అప్పుడప్పుడు కొరికేస్తుంది గానీ ఎర ముట్టుకోవడం మాత్రం ఎక్కువసార్లు ముట్టుకుంటుంది.

గాలం విషయంలో రాజీ పడొద్దు. టెక్సాస్ నీళ్ళలో సొరలకు ఎరతో వేసేటప్పుడు సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలం వాడాలి, అది స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కాకూడదు, మొన పక్కకు వంగి ఉండకూడదు. కొనేటప్పుడు బల్ల మీద పెట్టి చూడండి, మొత్తం చదునుగా ఆనితే సరైనది. సైజు 5/0 నుంచి 7/0 చాలు. మొన మీద ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసేస్తే తీయడం ఇంకా తేలిక.

నేను మొదట్లో మామూలు జె ఆకారపు గాలం వేశాను. అప్పటికి నియమం చదవలేదు. సొర ఎరను కడుపు దాకా మింగింది. రెండడుగుల బ్లాక్‌టిప్. వెల్లకిలా తిప్పితే రెండు ముందు రెక్కల మధ్య చిన్న గీత, ఇంకా పూర్తిగా మానని గాటులా కనబడింది. ఏదో దెబ్బ అనుకున్నాను. పక్కన గాలం వేస్తున్న పెద్దాయన ఒకరు వచ్చి చూసి, అది బొడ్డు మచ్చ అని చెప్పారు. తల్లి కడుపులో బొడ్డు తాడు ఉన్న చోటు అది. గాలం తీయబోతే నెత్తురు ఆగలేదు. నీళ్ళలో పెట్టి పది నిమిషాలు పట్టుకున్నాను, మళ్ళీ ఈదలేదు. సర్కిల్ హుక్ అయితే నూటికి తొంభైసార్లు దవడ మూలన తగులుతుంది, ఆ పిల్ల బతికేది.

ఇంకా కావలసినవి: పొడుగు ముక్కు పట్టకారు, తీగను, గాలాన్ని కత్తిరించే గట్టి కట్టర్, టేపు, తడి తువ్వాలు, తలకు పెట్టుకునే లైటు, ఐస్ పెట్టె, కర్ర నిలబెట్టే పీవీసీ గొట్టం. నాలుగడుగుల గొట్టం కొని ఒక కొస ఏటవాలుగా కోసి, అడుగున్నర లోతు ఇసుకలో దిగ్గొట్టండి. తక్కువ దిగితే సొర లాగిన మొదటి లాగుకే కర్ర, రీలు కలిసి సముద్రంలోకి పోతాయి.

రీలు బిగువు ఇంటి దగ్గరే సరిచేసుకోండి. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే చిన్న త్రాసు ఉంటుంది కదా, దారం కొసను దానికి కట్టి లాగండి. 5, 6 పౌండ్ల దగ్గర దారం జారడం మొదలవ్వాలి.

ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ

మే నుంచి సెప్టెంబర్ దాకా పడతాయి. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు వరకు మంచి కాలం. గాల్వెస్టన్ నీళ్ళు మామూలుగా టీ రంగులో ఉంటాయి. మిసిసిపి, అచఫలాయ నదుల బురద ప్రవాహంతో ఇటు కొట్టుకొస్తుంది. వేసవి మధ్యలో రెండు మూడు రోజులు గాలి తగ్గితే ఆకుపచ్చ నీళ్ళు ఒడ్డుకు చేరతాయి. ఆ నీళ్ళతో పాటే చిన్న చేపలు, వాటి వెనక సొరలు. గాలి గంటకు 15 మైళ్ళు దాటిన రోజు వెళ్ళి ప్రయోజనం లేదు, నాచు పీక్కోవడంతోనే సరిపోతుంది.

మన విశాఖ ఒడ్డున రోజుకు రెండు పోట్లు చూసినవాళ్ళకు ఇక్కడి ఆటుపోట్లు వింతగా ఉంటాయి. కొన్ని రోజులు ఒకటే పోటు, ఎత్తు కూడా ఒకటి రెండు అడుగులే. ఎత్తు ఎంత అన్నది పక్కన పెట్టి నీళ్ళు కదులుతున్నాయా లేదా అన్నదే చూడండి. పోటు ఎక్కుతున్న గంటలు తెల్లవారుజామునో, సాయంత్రమో కలిసొస్తే అదే మీ రోజు. పదకొండు దాటాక ఎండకు మీరూ ఆగలేరు.

ఊరి ముందు ఒడ్డు పొడవునా కట్టిన గోడ, సీవాల్ ముందు జనం ఎక్కువ, అక్కడ వద్దు. ఈతగాళ్ళున్న చోట ఎర వేయడం ఎక్కడైనా తప్పే. పడమటి బీచీల్లో జనం పల్చగా ఉన్న చోటు చూసుకోండి. లేదా ఉచిత ఫెర్రీ ఎక్కి బొలివర్ ద్వీపకల్పానికి పోండి. అక్కడ ఇసుక మీదే కారు నిలుపుకోవచ్చు, దానికి పార్కింగ్ స్టిక్కర్ తీసుకోవాలి. తడిసి గట్టిపడిన ఇసుక మీదే నడపండి, మెత్తటి పొడి ఇసుకలో చక్రం దిగబడితే ఆ రోజు అంతటితో సరి. కొంచెం దూరమైనా ఫర్వాలేదంటే సర్ఫ్‌సైడ్, మటగోర్డా బీచీలు కూడా బాగుంటాయి.

ద్వీపం పడమటి కొసన ఉన్న శాన్ లూయిస్ పాస్ దగ్గర చేపలు బాగా పడతాయని అందరూ చెబుతారు. పడతాయి. కానీ అక్కడ నీళ్ళలో మాత్రం దిగకండి. ఖాడీ నీళ్ళన్నీ ఆ సందులోంచే వచ్చిపోతాయి, కాళ్ళ కింద ఇసుక ఉన్నట్టుండి జారిపోతుంది. ఏళ్ళ తరబడి ఎంతోమంది మునిగిపోయిన చోటది. సీవాల్ దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి కట్టల పక్కన కూడా లోపలికి లాక్కుపోయే ప్రవాహం ఎప్పుడూ ఉంటుంది.

నీళ్ళు చదవండి

కర్ర బయటికి తీయకముందు పావుగంట ఊరికే నిలబడి చూడండి. కారు మీద ఎక్కి చూస్తే ఇంకా మంచిది. కెరటాలు ఒక వరసలో తెల్లగా విరుగుతున్నాయంటే దాని కింద ఇసుక తిన్నె ఉంది. ఆ తిన్నెకూ ఒడ్డుకూ మధ్య విరగకుండా, కాస్త ముదురు రంగులో సాగే నీళ్ళు కనిపిస్తాయి. అది లోతు గాడి. ఇక్కడి ఒడ్డున సాధారణంగా మూడు తిన్నెలు, వాటి మధ్య గాడులు ఒడ్డుకు సమాంతరంగా ఉంటాయి. చిన్న సొరలు ఈ గాడుల్నే రోడ్డులా వాడుకుంటాయి.

కొత్తవాళ్ళంతా వీలైనంత దూరం విసరాలని ఆరాటపడతారు. నాకు పడ్డ షార్ప్‌నోజ్‌లలో ఎక్కువ భాగం రెండో గాడిలోనే, ఒడ్డుకు నలభై, యాభై గజాల్లోనే పడ్డాయి. తిన్నెలో ఎక్కడైనా ఒక చోట కెరటం విరగకుండా సందులా కనిపిస్తే దాని అంచుకు వేయండి. చిన్న ముల్లెట్లు, అంటే మన కోస్తాలో బొంత చేపలు అనేవి, గుంపులుగా ఎగురుతున్నాయా, పక్షులు ఒకే చోట దిగుతున్నాయా అన్నది కూడా గమనించండి. అవి లేని చోట గంట కూర్చోవడం కన్నా అర మైలు నడవడం మేలు.

ఎర

బజారులో ఫ్రీజర్ నుంచి తీసిన రొయ్యలు కొనేస్తారు చాలామంది. రొయ్య వేస్తే సొర కన్నా ముందు జెల్లలు వస్తాయి. ఇక్కడి సముద్రపు జెల్లకు వీపు మీద, రెండు పక్కలా ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి మంట. రొయ్యను చిన్న గాలానికి పెట్టి మొదటి గాడిలో వైటింగ్ చేపలు పట్టుకోవడానికి వాడండి. తాజా వైటింగ్ తల సొరకు మంచి ఎర.

అన్నిటికన్నా మంచిది అప్పుడే పట్టిన ముల్లెట్. విసురు వల వేయడం వస్తే అరగంటలో సరిపడా దొరుకుతాయి. వల వ్యాసం 14 అడుగులు మించకూడదు. ముల్లెట్ పొలుసు గీకి, తల తీసి, రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు అడ్డంగా కోయండి. గాలాన్ని ముక్క పై అంచున వీపు కండలోంచి ఒక్కసారే దూర్చి బయటికి తీయండి. మొన, గాలం వంపు మధ్య ఖాళీ రెండూ బయటికి కనబడుతూ ఉండాలి. మాంసంలో గాలాన్ని దాచేస్తే సర్కిల్ హుక్ పనిచేయదు, సొర దవడ మూలన పట్టుకోవడానికి చోటుండదు.

బానెట్‌హెడ్ కావాలంటే పీత పెట్టండి. పై డిప్ప ఒలిచి, రెండుగా కోసి, కాలు ఊడదీసిన కన్నంలోంచి గాలం దూర్చితే గట్టిగా ఉంటుంది. ఏ ఎరైనా ఇరవై నిమిషాలకోసారి మార్చాలి. నెత్తురు, వాసన నీళ్ళలో కడిగిపోయిన ముక్క సొరకు కనబడనట్టే.

విసరడం, కాచుకోవడం

విసిరే ముందు వెనక్కి చూడండి. 5 ఔన్సుల గుండు పిల్లాడి తలకు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అల్లిక దారం మీద చూపుడు వేలు ఉంటుంది కాబట్టి వేలికి గ్లవ్ గానీ టేపు గానీ చుట్టుకోండి, లేకపోతే బ్లేడులా కోసేస్తుంది.

ఎర పట్టుకుని ఛాతీ లోతు దాకా నడిచివెళ్ళేవాళ్ళను చూస్తారు. చేతిలో నెత్తురోడే ఎరతో, చీకటి పడే వేళ, సొరల గాడిలోకి నడవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మోకాలు లోతు నుంచి విసరండి, చాలు. ఆ కొంచెం నడిచేటప్పుడు కూడా కాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. టేకు చేపలు ఇసుకలో కప్పుకుని పడుకుంటాయి, కాలు తగిలితే పక్కకు పోతాయి, తొక్కితే తోక ముల్లు దింపుతాయి.

కాళ్ళ మీదో చేతుల మీదో తెగిన గాయం ఉంటే ఆ రోజు నీళ్ళలో దిగొద్దు. వేసవిలో ఇక్కడి నీళ్ళు 30 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. ఆ వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు అది చాలా ప్రమాదం. ఉరుము వినబడిందా, పన్నెండడుగుల కర్రలన్నీ కింద పడేసి కారెక్కండి.

విసిరాక గుండు ఇసుకలో నాటుకునేలా దారం బిగించి, కర్ర గొట్టంలో పెట్టి, పక్కనే ఉండండి. జెల్ల కొడితే కర్ర కొస టకటకా వణుకుతుంది. సొర పట్టినప్పుడు మొదట ఒక చిన్న తాకిడి, ఒక్క క్షణం ఏమీ ఉండదు, తర్వాత కర్ర మెల్లగా వంగి అలాగే వంగిపోతూ రీలు పాడటం మొదలుపెడుతుంది. ఆ శబ్దం విన్నాక చేతులు ఆగవు, గట్టిగా వెనక్కి గుంజాలనిపిస్తుంది. గుంజొద్దు. గుంజితే గాలం నోట్లోంచి జారొచ్చేస్తుంది. కర్ర చేతిలోకి తీసుకుని, దారం బిగువుగా ఉంచి, తిప్పుతూ ఉండండి. గాలం తనంతట తానే దవడ మూలకు జారి పట్టుకుంటుంది.

పడ్డాక

మూడడుగుల షార్ప్‌నోజ్ ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. అది పరుగెడుతుంటే పోనివ్వండి, ఆగితే తిప్పండి. మురిపెంగా ఎక్కువసేపు ఆడించొద్దు. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. ఈ మూడు జాతులూ ఈదుతూ ఉంటేనే మొప్పల్లోంచి నీళ్ళు పారి ఊపిరి ఆడుతుంది. ఎంత ఎక్కువసేపు పోరాడితే అంత కోలుకోలేని అలసట. బ్లాక్‌టిప్ మరీ సుకుమారం, చక్కగా ఈదుకుంటూ వెళ్ళినట్టే ఉండి తర్వాత చచ్చిపోయేవి ఉంటాయి.

ఒడ్డు దగ్గరికి వచ్చాక కెరటం కోసం చూడండి. కెరటం ముందుకు తోసేటప్పుడు తిప్పి, వెనక్కి పోయేటప్పుడు ఊరికే పట్టుకుంటే చీలమండ లోతు నీళ్ళలోకి దానంతట అదే వస్తుంది. పొడి ఇసుక మీదికి ఈడవొద్దు. మధ్యాహ్నపు ఇసుక మీద మన అరికాలే ఆగదు.

ఇప్పుడు ఇద్దరుండటం మంచిది. ఒకరు కర్ర వదులుగా పట్టుకోవాలి. రెండోవాళ్ళు వెనకవైపు నుంచి వచ్చి ఒక చేత్తో తల వెనక, ముందు రెక్కలకు పైన పట్టుకుని, ఇంకో చేత్తో తోక మొదట్లో పట్టుకోవాలి. సొరకు ఎముకల్లేవు, మృదులాస్థి కాబట్టి నడుము తిరిగి తన తోకను తానే అందుకోగలదు. తోక ఒక్కటే పట్టుకుని వేలాడదీస్తే అది మిమ్మల్ని కరవొచ్చు. కరవకపోయినా దాని లోపలి అవయవాలకు ఆనిక ఉండదు, దెబ్బతింటాయి.

తడి తువ్వాలు కళ్ళ మీద కప్పితే చాలావరకు కదలకుండా ఉంటుంది. టేపుతో కొలవండి. పట్టకారుతో గాలం మెడ పట్టుకుని, దూరిన దారినే వెనక్కి మణికట్టు తిప్పండి, టక్కున ఊడొస్తుంది. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోయినా, లోపలికి మింగేసినా, గాలానికి దగ్గరగా తీగ కత్తిరించేయండి. స్టెయిన్‌లెస్ కాని గాలం తుప్పు పట్టి ఊడిపోయే అవకాశం ఉంది, మీ పట్టకారు చేసే గాయం అంత తేలిగ్గా మానదు. ఫొటో కావాలంటే నీళ్ళలో ఉండగానే ఒకటి తీసుకోండి.

వదిలేటప్పుడు మోకాలు లోతుకు తీసుకెళ్ళి, ముక్కు కెరటానికి ఎదురుగా పెట్టండి. ఒక చెయ్యి కడుపు కింద, ఒకటి తోక దగ్గర. నీళ్ళు నోట్లోంచి మొప్పల్లోకి పోతుంటే మొప్పల చీలికలు తెరుచుకోవడం మీ కళ్ళకు కనబడుతుంది. తోక కింద మీ అరచేతిలో మొదట సన్నటి వణుకు, తర్వాత ఒక గట్టి తోపు. ఆ తోపుతోనే వదిలేయండి, ముందే తోసేయకండి. వదిలి రెండడుగులు వెనక్కి జరగండి.

ఇంటికి తెచ్చుకోవాలంటే

తినడానికి ఉంచుకోవాలా వద్దా అన్నది నీళ్ళలో ఉండగానే తేల్చుకోండి. ఉంచుకుంటే క్షణం ఆలస్యం చేయొద్దు. సొర నెత్తుట్లో, కండలో యూరియా ఉంటుంది. చచ్చాక అది అమ్మోనియాగా మారి ఘాటు వాసన వస్తుంది. మొప్పల దగ్గర కోసి నెత్తురు కార్చి, కడుపు శుభ్రం చేసి, అక్కడికక్కడే ఐస్‌లో పూడ్చండి. తల, తోక మాత్రం ఇంటికి చేరేదాకా ఉంచండి, దారిలో గేమ్ వార్డెన్ (వేట నియమాలు చూసే అధికారి) ఆపితే జాతీ కొలతా తెలియాలి. ఇంటి దగ్గర తోలు తీసి, పసుపు, ఉప్పు కలిపిన పల్చటి మజ్జిగలో అరగంట ఉంచితే ఆ కాస్త వాసనా పోతుంది. తర్వాత ఉడకబెట్టి, చిదిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, బోలెడు కరివేపాకుతో పొడిపొడిగా వేయిస్తే సొర పుట్టు తయారు.

ఒక్క జాగ్రత్త. మన కోస్తాలో బాలింతకు పాలు పడతాయని పాల సొర వండి పెడతారు. షార్ప్‌నోజ్ దానికి చుట్టమే కదా అని పురుడు పోయడానికి వచ్చిన అమ్మమ్మలు సంబరంగా అడుగుతారు. సొర ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొర అసలు తినకూడదని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. మా ఇంట్లోనూ ఈ మాట దగ్గర పెద్ద చర్చే అయింది. ఆ పెద్దావిడకు బాలింత కోసం సాల్మన్ కొనిచ్చి, వెల్లుల్లి వేసి దాన్నే వండమన్నాం. మిగతావాళ్ళం పుట్టు తిన్నాం, అది కూడా వేసవికి ఒకటి రెండుసార్లే.

పడుకునే ముందు కర్రలు, రీళ్ళు, పట్టకారు మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. రీలు మీద నీళ్ళు జోరుగా కొట్టొద్దు, ఉప్పు లోపలికి పోతుంది, సన్నగా పోయండి. షాక్ లీడర్‌ను వేళ్ళ మధ్య పెట్టి కొస దాకా లాగి చూడండి. ఎక్కడైనా గరుకుగా తగిలితే ఆ ముక్క ఆ రాత్రే కోసి పారేసి కొత్తది ముడేయండి.